ఏసురత్నం వెయ్యని గేరు

1979 మార్చి. నందిగామ బస్టాండులో మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి ఇంజనీరు ఏలీయా గోళీసోడా తాగాడు. పన్నెండూ ఇరవై ఒకటికి చచ్చిపోయాడు.

ఆ ఒక్క నిమిషంలో అతను రెండు పనులు చేశాడు. సోడాలో విషం ఉందని కనిపెట్టాడు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి, నమిలి, అదే సోడాతో మింగేశాడు.

సోడాబండి వెనకనుంచి తెల్ల కండువా మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఎండదెబ్బ" అంటూ శవం జేబులన్నీ తడిమాడు. దువ్వెన దొరికింది. జగ్గయ్యపేట బస్సు టిక్కెట్టు దొరికింది. అతనికి కావలసింది దొరకలేదు. జనం మూగేలోపు ఆ మనిషి హైవే దాటి మాయమయ్యాడు. దువ్వెన కూడా పట్టుకుపోయాడు.

సాయంత్రానికి హైదరాబాదులో, బయట 'తేనెటీగల పెంపకం శాఖ' అని బోర్డున్న ఆఫీసులో చీఫ్ భవానీప్రసాద్ ఫైలు మూశాడు. ఎదురుగా ఏజెంట్ ఫార్టీఫోర్ నిలబడి ఉన్నాడు.

ఫార్టీఫోర్ అసలు పేరు వరప్రసాదరావు. బొంబాయి రేవులో దొంగ సబ్‌మెరైన్‌ని గాలం వేసి పట్టాడని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. అతను పట్టింది వలతో.

"ఫార్టీఫోర్, ఎద్దుల గురించి నీకేం తెలుసు?"

"అవి నన్ను రెండుసార్లు పొడిచాయి సార్. జి.కొండూరులో పుట్టా."

"గుడ్. ఇప్పుడు జీపు గురించి విను. కొత్త మోడల్. కోడ్ నేమ్ ఐరావతం. ఫోర్ వీల్ డ్రైవ్. దానికి రోడ్డక్కర్లేదు. జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల్లో, మున్నేటి ఇసకలో మూడు నెలలుగా సీక్రెట్ ట్రయల్స్ నడుస్తున్నాయి. నిన్నటితో టోయింగ్ కెపాసిటీ తేలింది."

"అంటే ఎంత బరువు లాగుతుందో."

"అంతే. వినడానికి చిన్న విషయం. కానీ ఆ నంబరు దొరికితే మన ఫిరంగులు ఏ కొండ ఎక్కుతాయో, ఏ కొండ కింద ఆగిపోతాయో శత్రువు ఇంట్లో కూచుని చెప్పేస్తాడు. అందుకే 'గుడ్లగూబ' గూఢచారుల రింగు దిగింది. ఏలీయాని చంపింది వాళ్ళే. సోడాబండి దగ్గర తెల్ల కండువా మనిషిని జనం చూశారు."

"నంబరున్న కాగితం?"

"ఏలీయా కడుపులో. సోడాలో కరిగిపోయింది. కాపీ లేదు."

"ఇంకెవరికి తెలుసు?"

"ఒక్కడికి. బండి నడిపిన డ్రైవరు ఏసురత్నం. టెంపరరీ." చీఫ్ ఫైలులో చూసి, "ఏడేళ్ళుగా టెంపరరీ" అని సరిచేశాడు. "ట్రయల్ పాసైతే పర్మినెంట్ చేస్తామన్నాం. నువ్వు పశువుల బేరగాడి వేషంలో వెళ్ళు. అతని నోట్లోంచి ఆ నంబరు గుడ్లగూబకి చేరకూడదు."

బల్ల మీద ఎద్దుల్ని అదిలించే ములుగర్ర ఒకటి, ఒక జత కిర్రుచెప్పులు పెట్టాడు. కర్రలో రేడియో. ఎడమ చెప్పులో కత్తి.

"అక్కడ రత్నమణి ఉంటుంది. మద్రాసు మోటారు పత్రిక రిపోర్టరుగా."

"ఆమె ఎవరి తరఫు సార్?"

చీఫ్ తలెత్తి ఫ్యాను వంక చూశాడు. "ఈ నెల మన తరఫు."

*

మర్నాడు పొద్దున జగ్గయ్యపేట క్వారీ దగ్గర మనుషులూ చెట్లూ మేకలూ అన్నీ ఒకే తెలుపులో ఉన్నాయి. తెల్లగా లేనిది ఒక్క ఐరావతమే. ఏసురత్నం దాన్ని తన చొక్కాతో తుడుస్తున్నాడు. నలభై దాటిన మనిషి. వేళ్ళు స్పానర్లలా ఉన్నాయి.

ఫార్టీఫోర్ చెప్పులు కిర్రుమనిపించుకుంటూ వచ్చాడు. "మీ గిత్త ఎన్ని పళ్ళది?"

ఏసురత్నం చుట్టూ చూసి కోడ్ అప్పజెప్పాడు. "పళ్ళు ఊడినయ్యండి. పొగరు ఊడలా."

"ఏలీయాగారి సంగతి తెలిసిందా?"

"తెలిసిందండి." చొక్కా పిండినట్టుగా చేతిలో మెలి తిప్పాడు. "మొన్న లాస్ట్ ట్రయల్ అయ్యాక ఆ కాగితం నాక్కూడా చూపించారు. చూడు రత్నం, ఇది బండి నంబరు కాదు, నీ చేతి నంబరు అన్నారు. అంత మాట నాతో ఎవరూ అనలా."

"ఆ నంబరు ఎవరికైనా చెప్పావా?"

"మా ఇంటిదానిక్కూడా చెప్పలా."

తట్టనిండా రాయి మోసుకుపోతున్న జయమణి ఆగింది. ఏసురత్నం భార్య. ఆ క్వారీలోనే కూలి. "నాకెందుకయ్యా మీ నంబర్లు? ఈయన్ని పర్మినెంటు చేస్తే చాలు. ఏడేళ్ళనుంచి వచ్చే నెల, వచ్చే నెల అంటన్నారు. ఆ నెల ఏ కాలెండర్లో ఉందో కొనుక్కొచ్చుకుంటాం."

"నువ్వు పో, పెద్దమనిషితో మాట్లాడతన్నా."

"పెద్దమనిషి చెప్పులు మనూరు సంతలోయి కాదు. కొంచెం చూసి మాట్లాడు." జయమణి తట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

ఫార్టీఫోర్ చెప్పుల వంక చూసుకున్నాడు. ఈమె గుడ్లగూబలో చేరి ఉంటే దేశం ఎప్పుడో పోయేదనిపించింది.

"ఇవాళ పందెం ఉందంటగా?" అని అడిగాడు.

ఉంది. ఊరంతా అదే మాట. పెనుగంచిప్రోలు దశరథరామయ్య ఒంగోలు గిత్తల జత బండలాగుడులో ఎనిమిదేళ్ళుగా ఓడలేదు. ఆయన క్వారీ మీదుగా వెళుతూ ఐరావతాన్ని చూసి, "ఈ డబ్బా నా గిత్తలంత లాగుద్దా?" అన్నాడు. ఏసురత్నం "లాగుద్దండి" అన్నాడు. అంతే, పందెం ఖాయమైంది. అది రహస్య వాహనం. కానీ దశరథరామయ్య మాట కాదనే ఆఫీసరు ఆ తాలూకాలో ఇంకా పుట్టలేదు. వద్దనగలిగిన ఏలీయా పోయాడు.

"మానుకో ఏసురత్నం."

"మానుకోనండి."

"ఎందుకంత పట్టుదల?"

ఏసురత్నం జీపు బానెట్ మీద చెయ్యేశాడు. "మా నాయన బాలస్వామి, ఆ దశరథరామయ్యగారి దగ్గరే పాలేరు. ఆ గిత్తల తాతల్ని, తండ్రుల్ని బండకి కట్టి ఇరవై ఏళ్ళు వాటెనక పరిగెత్తాడు. తోలింది మా నాయన. మైకులో మాత్రం దశరథరామయ్యగారి గిత్తలు, దశరథరామయ్యగారి గిత్తలు. షీల్డు ఆయన మేడ మీదకి పోయేది. మా నాయన పేరు ఒక్కసారి మైకులో చెప్పలా. అది వినాలనుందిరా అని చెప్పి పోయాడు. ఇవాళ గిత్తలు ఓడితే మైకాయన ఎవరి పేరు చెప్తాడండి? జీపుకి కులం లేదు, ఆసామీ లేడు. తోలినోడి పేరే చెప్పాలి. బాలస్వామి కొడుకు ఏసురత్నం అని చెప్పాలి."

ఫార్టీఫోర్ పాస్‌పోర్టులు మార్చగలడు, కోటలు దూకగలడు, మొసలితో కుస్తీ పట్టగలడు. ఆ పందెం మాత్రం ఆపలేకపోయాడు.

*

మధ్యాహ్నం మూడింటికి ఊరవతల మైదానంలో పదివేలమంది జనం. తాడిచెట్టుకి రెండు మైకులు. పద్దెనిమిది క్వింటాళ్ళ బండ దున్నపోతులా మధ్యలో పడుకుని ఉంది. పావుగంటలో ఎవరు ఎక్కువ అడుగులు లాగితే వారిది గెలుపు. గిత్తలు మొదట లాగాలి, తరవాత జీపు. జీపు గెలిస్తే ఒక్కొక్క బండ కలుపుతూ, అది ఇక కదలలేను అనేదాకా లాగించాలి.

ఈ ఆఖరి షరతు పెట్టింది బుల్లిబాబు అనే పశువుల బేరగాడు. నెల్లూరునుంచి ఒక ఎద్దుని తోలుకుని వచ్చానన్నాడు. పందేనికి కొత్త ఇనపచైను కూడా అతనే కానుకగా తెచ్చాడు. మెళ్ళో తెల్ల కండువా. గిత్తల మూతి తెరిచి పళ్ళు లెక్కపెట్టాడు. సుడులు చూశాడు. తోక మెలి చూశాడు. అన్నీ సరిగ్గానే చేశాడు.

ఫార్టీఫోర్‌కి ఆ షరతు నచ్చలేదు. జీపు ఇక లాగలేనంటే తేలేది టోయింగ్ కెపాసిటీయే కదా. అతను నవ్వుతూ పక్కన చేరాడు.

"ఏం బావా, నీ ఎద్దుకి ఎంత చెప్తావు?" అంటూ తన కండువా తీసి కుడిచేతి మీద కప్పి ముందుకు చాపాడు.

పశువుల సంతల్లో బేరం నోటితో ఆడరు. కండువా కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని అంకె చెప్పుకుంటారు. రెండు వేళ్ళు పట్టుకుంటే రెండు వందలు, గుప్పిలి పట్టుకుంటే అయిదు వందలు. పక్కనున్నవాడికి తెలియదు. సంతలో పెరిగినవాడెవడైనా ఆ చెయ్యి చూడగానే వేళ్ళు వెతుక్కుంటాడు.

బుల్లిబాబు కండువా కింద చెయ్యి పెట్టాడు. గట్టిగా, మర్యాదగా, మూడుసార్లు ఊపి షేక్ హ్యాండ్ ఇచ్చాడు.

"అమ్మో, అంత రేటు నా వల్ల కాదు బావా" అని ఫార్టీఫోర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వీడు గుడ్లగూబ మనిషి. నందిగామ సోడాబండి దగ్గరున్న తెల్ల కండువా వీడే.

అప్పుడే మైదానం సగం ఒక పక్కకి తిరిగింది. రత్నమణి వస్తోంది. నల్ల కళ్ళద్దాలు, ఆకుపచ్చ షిఫాన్ చీర, మెళ్ళో పెద్ద కెమెరా. ఆమె నడుస్తుంటే మైకాయన చదువుతున్న షరతులు మర్చిపోయాడు. గిత్తల ఫోటో తీస్తున్నట్టు వంగి, ఫార్టీఫోర్ వంక చూడకుండా మాట్లాడింది.

"ఆ చైను కొక్కెంలో లాగుడు కొలిచే లోడ్ గేజ్ ఉంది. రీడింగ్ నా కెమెరాలో కనపడుతుంది. నేను నంబరు చెబితే బుల్లిబాబు పంపిస్తాడు. అతని ఎద్దు మెడలో గంట చూశావా? అది ట్రాన్స్‌మిటర్."

"ఇవన్నీ మాకు చెప్పావని వాళ్ళకి చెప్పావా?"

"వాళ్ళకి చెప్పినవి మీకు చెప్పను. మీకు చెప్పినవి వాళ్ళకి చెప్పను. అంత నిజాయితీగా బతుకుతున్నదాన్ని నేనొక్కదాన్నే."

"చైను మార్చేస్తే?"

"కనిపెట్టేశారని తెలుస్తుంది. వాణ్ణి అరెస్టు చేస్తే ఇంకొకడు వస్తాడు. వాళ్ళ దగ్గర ప్లాన్ సి ఉంది. డ్రైవర్ని ఎత్తుకుపోయి గోళ్ళు పీకి చెప్పించడం. పీకాక మనిషిని వదలరు." రత్నమణి షట్టర్ నొక్కింది. "వాళ్ళకి ఏదో ఒక నంబరు చేరాలి. అప్పుడే పోతారు."

ఫార్టీఫోర్‌కి అర్థమైంది. ఏసురత్నం బతకాలంటే ఏసురత్నం ఓడాలి. అది పదివేలమంది ముందు, నమ్మేటట్టు ఓడాలి.

*

గిత్తలు పదహారు వందల అడుగులు లాగాయి. అంత దూరం ఆ తాలూకాలో ఎవరూ చూడలేదు. నురగలు కక్కుతూ నిలబడ్డ గిత్తల పక్కన దశరథరామయ్య మీసం దువ్వుకుంటున్నాడు. తోలిన పాలేరు ఊపిరాడక నేలమీద కూలబడ్డాడు. మైకు అరిచింది. "పెనుగంచిప్రోలు దశరథరామయ్యగారి గిత్తలు, పదహారు వందల అడుగులు."

ఏసురత్నం జీపెక్కాడు. దశరథరామయ్య దగ్గరికొచ్చాడు.

"ఏరా, మీ నాయన నా గిత్తల్ని తోలాడు. నువ్వు వాటిమీదే పందేనికొచ్చావు. ఏం చదువురా ఇది?"

"చదువు కాదండి. డ్రైవింగ్."

జనం నవ్వారు. దశరథరామయ్య నవ్వలేదు.

అప్పుడు ఫార్టీఫోర్ అందర్నీ తోసుకుంటూ జీపు దగ్గరికొచ్చాడు. "ఏం డ్రైవరూ, నీ గిత్తని అమ్ముతావా? ఎన్ని అడుగులు లాగుద్దో చెప్పు, దాన్నిబట్టి బేరం" అంటూ కండువా చాపాడు.

"జీపుకి బేరమంట, జీపుకి" అని జనం విరగబడ్డారు. "పళ్ళు కూడా చూడు బేరగాడా" అన్నారు ఎవరో.

ఏసురత్నం కూడా నవ్వుతూ కండువా కింద చెయ్యి పెట్టాడు. సంతల్లో పెరిగిన చెయ్యి. ఫార్టీఫోర్ గుప్పిలి నాలుగుసార్లు గట్టిగా పట్టుకుని వదిలాడు. రెండు వేల అడుగులు.

ఫార్టీఫోర్ అతని రెండు వేళ్ళు పట్టుకున్నాడు. రెండు వందలు.

ఏసురత్నం పొరపాటనుకున్నాడు. మళ్ళీ నాలుగు గుప్పిళ్ళు. మళ్ళీ రెండు వేళ్ళు.

ఫార్టీఫోర్ అతని చెవి దగ్గరికి వంగాడు. "ఏలీయాగారిని చంపినోళ్ళు చూస్తున్నారు. బండి బలం తెలిస్తే దేశానికి ముప్పు. ఓడకపోతే నీకు ముప్పు. రెండు వందలు దాటకు."



"నాకు ముప్పు వస్తే పర్లేదండి" అన్నాడు ఏసురత్నం మెల్లగా.

"నీకు పర్లేకపోవచ్చు. నాకు కుదరదు."

"ఓడితే ఉద్యోగం?"

"నేను రాసిస్తా. చీఫ్‌తో చెప్పి పర్మినెంట్ చేయిస్తా. నా మాట."

ఏసురత్నం ఒకసారి బండ వంక చూశాడు. తరవాత ఫార్టీఫోర్ రెండు వేళ్ళు పట్టుకుని, వదిలేశాడు. బేరం కుదిరింది.

ఇంజన్ మోగింది. ఐరావతానికి రెండు గేరు రాడ్లున్నాయి. పెద్దది మామూలుది. పక్కన చిన్నది స్పెషల్ గేరు. అది వేస్తేనే ముందు చక్రాలకి కూడా బలం వెళ్ళి నాలుగు చక్రాలూ లాగుతాయి. వెయ్యకపోతే ఐరావతం కూడా అన్నిట్లాంటి జీపే.

ఏసురత్నం పెద్ద గేరు వేశాడు. చిన్నదాని జోలికి పోలేదు. చైను బిగిసింది. బండ కదిలింది. జనం ఈలలేశారు. యాభై అడుగులు. వంద. వెనక చక్రాలు జారడం మొదలెట్టాయి. నూటయాభై. దుమ్ములో జీపు సగం మునిగింది. క్లచ్ కాలిన వాసనొచ్చింది. నూట ఎనభై దగ్గర చక్రాలు ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి.

ఈలలు ఆగి నవ్వులొచ్చాయి. "ఎద్దుల్ని కట్టండయ్యా, జీపుని లాగుతాయి" అన్నారు. "గడ్డి వెయ్యి, గడ్డి వెయ్యి" అన్నారు.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి ఒక గొంతు మైకు కంటే పెద్దగా వినపడింది.

"ఏందయ్యా, స్పెషల్ గేరు మర్చిపోయావా? ఆ చిన్నది ఎయ్యి, ఎయ్యి."

జయమణి. మూడు నెలలు క్వారీలో ఆ గేరు పడ్డప్పుడల్లా తట్ట దించి చూసిన మనిషి.

బుల్లిబాబు తల టక్కున తిరిగింది. ఏసురత్నం చెయ్యి దానంతటదే చిన్న రాడ్ మీదకి వెళ్ళింది. అరచేయి దాని మీద ఆనింది. జానెడు ముందుకు నెడితే చాలు. బండ లేస్తుంది, గిత్తలు ఓడతాయి, మైకులో బాలస్వామి పేరు వినపడుతుంది.

ఆ చెయ్యి అక్కడ ఎంతసేపుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

"అది ఇరిగిందే" అన్నాడు ఏసురత్నం, భార్యకి వినపడేలా. "నిన్ననే ఇరిగింది. కూచో."

ఇంజన్ కట్టేశాడు.

ఇవాళ పొద్దున ఆ గేరుతోనే జీపు గుట్టెక్కడం జయమణి చూసింది. ఆమె నోరు తెరిచింది. మొగుడి మొహం చూసి మూసుకుంది.

*

రత్నమణి కెమెరాలో ముల్లు చూసి, గాజులు సర్దుకుంటున్నట్టు వేళ్ళు చూపించింది. ఏడు. చైను మీద పడ్డ లాగుడు ఏడు వందల కిలోలు.

బుల్లిబాబు తన ఎద్దు మెడ కౌగిలించుకుని గంట దగ్గర మూతి పెట్టాడు. చూసేవాళ్ళకి ఎద్దుని బుజ్జగిస్తున్న బేరగాడు. ఫార్టీఫోర్ జనం కాళ్ళ సందుల్లోంచి పాక్కుంటూ దగ్గరికొచ్చాడు. పరాయి భాషలో మాటలు స్పష్టంగా వినపడ్డాయి. ఆ భాష అతనికొచ్చు. పద్నాలుగు భాషలొచ్చు. పదిహేనోది ఎద్దుల భాష.

"గుడ్లగూబ కాలింగ్. కెపాసిటీ ఏడు వందల కిలోలు."

నంబరు వెళ్ళిపోయింది. తప్పుడు నంబరు. ఫార్టీఫోర్ లేచి దుమ్ము దులుపుకోబోయాడు.

బుల్లిబాబు మళ్ళీ నోరు తెరిచాడు. "కానీ..."

కానీ స్పెషల్ గేరు వెయ్యలేదు. కానీ ఇది అసలు నంబరు కాదు. ఆ ఒక్క 'కానీ' సరిహద్దు దాటితే ఏసురత్నం ఓటమి వృథా, అతని ప్రాణం వృథా.

ఫార్టీఫోర్ ఎడమ చెప్పు నేలకేసి కొట్టాడు. కత్తి రాలేదు. కిర్రుమంది. ఇక కండువా తీసి విసిరాడు. అది గాల్లో మూడు మెలికలు తిరిగి బుల్లిబాబు మూతికి చుట్టుకుంది. వాడు జేబులోంచి పిస్టల్ తీశాడు. ఇంతలో ఎద్దుకి విసుగొచ్చింది. పొద్దుట్నుంచి చెవి దగ్గర పరాయి భాష వినలేక అప్పటికే ఉడికిపోతున్న జంతువు. ఒక్క కుమ్ము కుమ్మింది. బుల్లిబాబు ఆరుగురి తలలు దాటి గడ్డిబండిలో పడ్డాడు. పిస్టల్ ఎగిరి తాడిచెట్టు మీద పై మైకుకి తగిలి దాన్ని ఆపేసింది.

జనం పరిగెత్తుకొచ్చారు.

"ఏమీ లేదు, ఎండదెబ్బ" అని ఫార్టీఫోర్ వాణ్ణి గడ్డిలో కప్పేశాడు. జేబు తడిమితే ఏలీయా దువ్వెన దొరికింది.

రత్నమణి గంట మీదకి వంగి పరాయి భాషలో తీయగా ముగించింది. "కానీ బుల్లిబాబుని ఎద్దు పొడిచింది. నంబరు ఖాయం. అందరూ వెనక్కి వెళ్ళిపోండి. ఓవర్." తరవాత ఫార్టీఫోర్ వంక చూసి, "నెలాఖరు దాకా మీ తరఫే కదా" అంది.

గుడ్లగూబ ఎగిరిపోయింది. దేశం గట్టెక్కింది.

మిగిలిన ఒక్క మైకు గురగురమంది. "పందెం గెలిచినవారు దశరథరామయ్యగారి గిత్తలు. ఓడినవాడు, బాలస్వామి కొడుకు ఏసురత్నం."

పదివేలమంది ఫక్కున నవ్వారు. జీపులో స్టీరింగ్ పట్టుకుని కూచున్న ఏసురత్నం ఆ పేరు చివరిదాకా విన్నాడు.

*

ఫార్టీఫోర్ మాట తప్పలేదు. పదకొండు పేజీల రిపోర్టు రాశాడు. జీపు ఓడలేదనీ, డ్రైవరు ఓడించాడనీ, అతన్ని పర్మినెంట్ చేసి మెడల్ ఇవ్వాలనీ రాశాడు. చీఫ్ దాన్ని చదివి, మెచ్చుకుని, పైన 'అతి రహస్యం' అని ముద్ర కొట్టి ఢిల్లీ పంపాడు.

ఢిల్లీలో జీపు సంగతి తేల్చే కమిటీలో అయిదుగురున్నారు. అతి రహస్యం ముద్రున్న కాగితాలు చదివే అధికారం ఆ అయిదుగురిలో ఒక్కరికీ లేదు. వాళ్ళు పేపరు చదివారు. పేపర్లో ఫోటోతో సహా వచ్చింది. 'గిత్తల ముందు చతికిలబడ్డ కొత్త జీపు.' ఎద్దులకే ఓడిన బండి కొండలెక్కుతుందా అని ఫైలు మూసేశారు. ఐరావతాన్ని క్వారీ షెడ్డులో పెట్టి తాళం వేశారు. రెండేళ్ళలో అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి.

ఏసురత్నానికి ఉత్తరం వచ్చింది. వాహనాన్ని నడపడంలో అసమర్థత, స్పెషల్ గేరు విరగ్గొట్టిన నిర్లక్ష్యం, కాబట్టి తొలగింపు. గేరు విరిగిందనడానికి సాక్ష్యం, ముద్దాయి స్వయంగా పదివేలమంది ముందు చెప్పిన మాట.

"నిజం చెప్పండి సార్" అన్నాడు ఫార్టీఫోర్ చీఫ్‌తో.

"చెబితే అది రహస్యం ఎలా అవుతుంది?" అన్నాడు చీఫ్. ఫార్టీఫోర్‌కి ప్రమోషన్ కాగితం చేతికిచ్చాడు.

1986లో చీఫ్ మళ్ళీ పిలిచాడు. కొత్త కమిటీ వచ్చింది. సరిహద్దులో కొండలెక్కే బండి అర్జంటుగా కావాలి. పాత ఐరావతం నంబరు దొరికితే మళ్ళీ తయారు చేస్తారట. కాగితం లేదు. జీపులో ఇంజన్ లేదు. ఎవరో ఊడదీసి బావికి బిగించుకున్నారు.

"ఒక్కడికి తెలుసు కదా" అన్నాడు చీఫ్. "వెళ్ళి కనుక్కురా. చాలా సింపుల్ మిషన్."

ఫార్టీఫోర్ వేషం లేకుండా, కిర్రుచెప్పులు లేకుండా జగ్గయ్యపేటలో బస్సు దిగాడు. ఊరవతల మైదానంలో బండలాగుడు జరుగుతోంది. గిత్తల వెనక, నెరిసిన తలతో, ములుగర్ర పట్టుకుని ఒక మనిషి పరిగెత్తుతున్నాడు. మైకు అరుస్తోంది. "దశరథరామయ్యగారి గిత్తలు, దశరథరామయ్యగారి గిత్తలు."

లాగుడు అయ్యాక ఏసురత్నం వచ్చి నేలమీద కూలబడ్డాడు. ఫార్టీఫోర్‌ని గుర్తుపట్టాడు. లేవలేదు.

"బాగున్నావా ఏసురత్నం?"

"చూస్తన్నారుగా."

"జయమణి?"

"క్వారీలోనే. ఇప్పటికీ అడుగుద్ది, ఆ రోజు ఎందుకు అబద్ధమాడావని. చెప్పకూడదన్నారుగా మీరు. చెప్పలా."

ఫార్టీఫోర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ నంబరు కావాలి. ఏలీయాగారు చూపించింది. దేశానికి అవసరం. ఈసారి నీ ఉద్యోగం సంగతి నేనే స్వయంగా..." తనకే నమ్మకం లేక అక్కడితో ఆపేశాడు.

ఏసురత్నం చుట్టూ ఉన్న జనం వంక చూశాడు. "గట్టిగా చెప్పే అంకె కాదు గదండి. కండువా ఉందా?"

ఫార్టీఫోర్ ఆత్రంగా కండువా తీసి చెయ్యి చాపాడు. ఏసురత్నం తన చెయ్యి లోపల పెట్టాడు. ఫార్టీఫోర్ వేళ్ళు విప్పి, లెక్కపెట్టుకోవడానికి సిద్ధంగా కళ్ళు మూసుకున్నాడు.

ఏసురత్నం గట్టిగా, మర్యాదగా, మూడుసార్లు ఊపి షేక్ హ్యాండ్ ఇచ్చాడు. తరవాత లేచి, గిత్తలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయాడు.

బస్టాండులో ట్రంకాల్ కలిసింది.

"నంబరు సంగతేంటి ఫార్టీఫోర్?"

"చాలా భద్రంగా ఉంది సార్. శత్రువుకి దొరకదు. మనక్కూడా."